మూడు నెలల జర్మన్, ఏడో నెల బిడ్డ

తప్పు మా ఆవిడది. పక్కింటి పెద్దావిడ మా పులిహోర తింటూ, పూర్వీకుల నాటి జర్మన్ కాగితాలు చదివిపెట్టే దిక్కు లేదని వాపోతే, "మా ఆయనకి జర్మన్ వచ్చుగా!" అనేసింది.

వచ్చు. పదిహేనేళ్ల కిందట హైదరాబాదులో, ఆన్‌సైట్ పంపిస్తారన్న ఆశతో మూడు నెలలు సాయంత్రం క్లాసులకి వెళ్లాను. పేరు చెప్పుకోగలను, కాఫీ అడగగలను, రైల్వే స్టేషన్ ఎటని అడగగలను. వాళ్లు చెప్పే జవాబు మాత్రం అర్థం కాదు. తీరా కంపెనీ పంపింది అమెరికాలో మిల్వాకీకి. ఒకప్పుడు ఈ ఊరిని 'జర్మన్ ఏథెన్స్' అనేవారట. అలా జర్మనీ నన్ను వెతుక్కుంటూ పక్కింటికే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా దిగింది. లోపల, ఇంట్లో పెళ్లిళ్లూ పుట్టుకలూ చేత్తో రాసిపెట్టుకున్న పాత బైబిలు, మడతల దగ్గర చిరిగిన నాలుగు కాగితాలు. వీళ్ల ఇంటిపేరు మైయర్స్. అసలు పేరు వేరనీ, 1854లో తాతల తాత ఓడ దిగినప్పుడు, వలస వచ్చేవాళ్ల పేర్లు చూసుకునే న్యూయార్క్ రేవు ఎల్లిస్ ఐలండ్‌లో గుమాస్తా పాడుచేశాడనీ ఆవిడ నమ్మకం. ఎల్లిస్ ఐలండ్ తెరిచిందే 1892లో. పాపం ఆ గుమాస్తా అప్పటికి పుట్టి కూడా ఉండడు. ఆ మాట ఆవిడతో అనలేదు. డబ్బాతో పాటు ఆపిల్ కేకు కూడా వచ్చింది మరి.

బైబిలు తెరిచేసరికి గుండె జారింది. అది నేను నేర్చుకున్న లిపి కాదు. కుర్రెంట్ అనే పాత చేతిరాత, ఈనాటి జర్మన్లలోనే చాలామందికి అంతుపట్టదు. పేజీ నిండా వాలిపోయిన వరికంకుల్లా గీతలు. మూడు రాత్రులు భూతద్దం పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, శనివారం ప్రకటించాను: "మీ అసలు ఇంటిపేరు మ్నిన్ర్."

ఆవిడ రెండుసార్లు ప్రయత్నించి, "నోరు తిరగడం లేదే?" అంది.

"జర్మన్లకి తిరుగుతుంది" అన్నాను గంభీరంగా.

అంతే, ఫోన్లో చుట్టాలందరికీ మ్నిన్ర్ సంగతి చేరిపోయింది.

తరువాత పిల్లల జాబితా. అయిదుగురు మగపిల్లలు, అందరూ యోహాన్‌లే. ఒక్కొక్కడే పోతుంటే కడుపుకోత తట్టుకోలేక ఆ తల్లి అదే పేరు మళ్లీ మళ్లీ పెట్టుకుందని వివరించాను. అలా పెట్టడం ఆ రోజుల్లో ఉన్నదే. ఆవిడ కళ్లు తుడుచుకుంది, నాకూ గొంతు పూడుకుపోయింది.

అసలు చిక్కు నాలుగో రాత్రి వచ్చిపడింది. పెళ్లి 1838 జనవరి 12. తొలి బిడ్డ పుట్టింది అదే ఏడాది... తారీకు 14, పక్కన ఎనిమిది అంకె వేసి 'బర్' అని ఉంది. ఎనిమిదో నెలంటే ఆగస్టు. వేళ్లు మడిచి లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.

"ఏడో నెలలో పుట్టాడని చెప్పండి, మనకెందుకు గొడవ" అంది మా ఆవిడ, నిద్రలోంచే.

నీళ్లు నములుతూ పక్కింటావిడకి చెప్పాను. ఆవిడ తల దించుకుంటుందనుకున్నాను. మొహం వెలిగిపోయింది! "చర్చి తప్ప ఇంకోటి తెలీని కుటుంబం అనుకున్నానే మాది!" అంటూ మిన్నెసోటాలో ఉన్న అక్కకి అప్పటికప్పుడే ఫోన్ కలిపింది.

నాకే మనసాగక, ఆ పేజీల ఫోటోలు పట్టుకుని లైబ్రరీలో వంశవృక్షాలు చూసే పెద్దమనిషి దగ్గరికి వెళ్లాను. 'మ్నిన్ర్' అనగానే ఆయన కళ్లజోడు తీసి, కడుపు పట్టుకుని నవ్వాడు. కుర్రెంట్‌లో 'ఈ' రాయాలంటే పక్కపక్కన రెండు పొట్టి గీతలు, 'ఎన్' అన్నా దాదాపు అంతే. నా 'ఎన్'లన్నీ 'ఈ'లు. అది మైయర్, జర్మనీలో వీధికొకరుంటారు. స్పెల్లింగే నాలుగు రకాలు: మధ్యలో ఈ-ఐ, ఈ-వై, ఏ-ఐ, ఏ-వై. యోహాన్‌లు కూడా చావలేదు. యోహాన్ అందరికీ ముందు తగిలించేదే, ఇంట్లో పిలిచేది రెండో పేరుతో. మా నాన్న, ముగ్గురు బాబాయిలు, నలుగురూ వెంకటలే. నాకు తట్టొద్దూ?

ఇక ఆ 'ఎనిమిది బర్' అంటే అక్టోబరట. లాటిన్‌లో ఆక్టో అంటే ఎనిమిది, ఏడు వేస్తే సెప్టెంబరు. సప్త, అష్ట, నవ, దశ... చిన్నప్పుడు సంస్కృతం మాస్టారు బెత్తంతో నేర్పినవే. జనవరి నుంచి అక్టోబరుకి చక్కగా తొమ్మిది నెలలు.

పరుగున వెళ్లి, కంగారు పడాల్సిందేమీ లేదు, మీ ముత్తవ్వ నిప్పులాంటి మనిషని చెప్పాను. ఆవిడ కేకు కోస్తున్న చాకు ఆపి, నా వంక అదోలా చూసింది. వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది:

"ఈ అక్టోబరు సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"