లేని కేబుల్‌కు టిక్కు పెట్టుకున్న అడాప్టర్ గారికి

మహారాజశ్రీ వర్చువల్‌బాక్స్ అడాప్టర్ 1 గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ల్యాప్‌టాప్‌లో యూట్యూబ్ నిక్షేపంగా ఆడుతోంది. దాని కడుపులోనే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ నడిపే ఉత్తుత్తి కంప్యూటర్ (వర్చువల్ మెషీన్)లోని ఉబుంటుకు మాత్రం ఇంటర్నెట్ లేదు. దాని ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు తమరే. సంగతేమిటని సెట్టింగ్స్‌లో చూస్తే తమరు 'కేబుల్ కనెక్టెడ్' అని టిక్కు చూపిస్తున్నారు. ఏ కేబుల్ స్వామీ?

ముందు తమరి కాపురాల గురించి, అంటే నెట్‌వర్క్ మోడ్‌ల గురించి. న్యాట్ అంటే ఇల్లరికం. అల్లుడు ఎక్కడికి వెళ్లినా మామగారి పేరు మీదే, అంటే హోస్ట్ (అసలు ల్యాప్‌టాప్) ఐపీ చిరునామా మీదే. బయటివాళ్లు వచ్చి అతన్ని పిలిస్తే, అలాంటివాడెవడూ లేడంటారు. పైగా పక్కపక్కనే నడిచే మెషీన్లన్నిటికీ చిరునామా ఒకటే, 10.0.2.15. ఒకదాని మొహం ఇంకోటి చూడదు. అవి మాట్లాడుకోవాలంటే 'న్యాట్ నెట్‌వర్క్' అనే వేరే మోడ్ ఉంది. ఈ పేర్లు పెట్టినవారు కవలలకు రాముడు, శ్రీరాముడు అని పెట్టే రకం.

రోగం కనుక్కోవాలంటే మొదట లోపలి నుంచి బయటికి దారి చూపే గేట్‌వే 10.0.2.2ను పింగ్ చేయాలి, అంటే 'ఉన్నావా' అని పలకరించాలి. పలికితే తమరు బతికున్నట్టే. బయటి సర్వర్ల దగ్గర మాత్రం ఆ పింగ్‌ను నమ్మకూడదు, న్యాట్‌లో దాని మాట నిలకడగా ఉండదు, వెబ్ పేజీ తెచ్చే కర్ల్ కమాండ్‌తో చూడాలి. ఐపీ కొడితే వెళ్లి, పేరు కొడితే వెళ్లకపోతే తప్పు పేరుకు ఐపీ వెతికిచ్చే డీఎన్ఎస్‌ది. ఇంటి వైఫైలో లేచిన మెషీన్, హోస్ట్ వీపీఎన్‌లోకి వెళ్లాక కూడా పాత డీఎన్ఎస్‌నే పట్టుకు వేలాడుతుంది. మెషీన్ ఆపి, వీబాక్స్‌మేనేజ్ కమాండ్‌తో 'న్యాట్ డీఎన్ఎస్ హోస్ట్ రిజాల్వర్' ఆన్ చేస్తే పేర్లు వెతికే చాకిరీ మామగారి నెత్తిన పడుతుంది.

అల్లుణ్ణి బయటి నుంచి పిలవడానికి పోర్ట్ ఫార్వర్డింగ్ అనే కిటికీ పెట్టారు, సంతోషం. హోస్ట్‌లో పోర్ట్ 2222, గెస్ట్‌లో (లోపలి మెషీన్‌లో) 22 అని రాసుకుంటే బయటి నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ నడుస్తుంది. వెబ్ సర్వర్‌కు అలాగే రాసి, అది లోపల, తన మెషీన్‌కు మాత్రమే వినిపించే 127.0.0.1 మీద కూర్చుందని మరిచిపోతే ఎంత పిలిచినా పలకదు. కిటికీలోంచి వచ్చేది 10.0.2.15కు కదా. సర్వర్‌ను అన్ని చిరునామాలకూ పలికే 0.0.0.0 మీద కూర్చోబెట్టాలి.

బ్రిడ్జ్‌డ్ అంటే వేరు కాపురం. నేరుగా రౌటర్ దగ్గరే ఐపీ అడుగుతారు. అయితే తమరు లాన్ కార్డును పట్టుకుని కూర్చున్నారని, ల్యాప్‌టాప్ వైఫైకి మారిపోయిందని మాకు గంట తర్వాత గానీ తెలియదు. 'నేమ్' దగ్గర కార్డు మార్చాలి. వైఫై మీద మరో తంటా. యాక్సెస్ పాయింట్ తనకు తెలిసిన మ్యాక్‌నే (కార్డు గుర్తింపు సంఖ్యనే) రానిస్తుంది కాబట్టి తమరు హోస్ట్ మ్యాక్ వేషం వేస్తారు. ఆ వేషం కొన్ని ఆఫీసు నెట్‌వర్క్‌లలో చెల్లదు. అక్కడ నోరు మూసుకుని న్యాట్‌కే రావాలి.

అన్నిటికంటే ఘోరం క్లోన్లు, అంటే మెషీన్ నకళ్లు. 08:00:27తో మొదలయ్యే మ్యాక్ రెండు మెషీన్లకూ ఒకటే అయినా న్యాట్‌లో గుట్టుగా గడిచిపోతుంది. బ్రిడ్జ్‌డ్‌లోకి రాగానే రట్టవుతుంది. క్లోన్ చేసేటప్పుడే అన్ని అడాప్టర్లకూ కొత్త మ్యాక్ అడగాలి. అడిగినా ఉబుంటు సర్వర్లు రెండూ ఒకే ఐపీ తెచ్చుకుంటే ఆ పాపం తమరిది కాదు, ఒప్పుకుంటాం. మెషీన్ ఐడీ కూడా నకలైంది, ఐపీలు పంచే డీహెచ్‌సీపీ దాన్ని చూసే ఐపీ ఇస్తోంది. క్లోన్‌లో ఆ ఐడీ ఉన్న ఫైలును ఖాళీ చేసి రీబూట్ చేస్తే కొత్తది పుడుతుంది.

హోస్ట్-ఓన్లీ గడప దాటదు. 192.168.56 వీధిలోనే తిరుగుతుంది, ఇంటర్నెట్ అడగకూడదు. అందుకే మొదటి అడాప్టర్ న్యాట్, రెండోది హోస్ట్-ఓన్లీ పెడతాం. ఆ రెండోదాన్ని ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఉండే నెట్‌ప్లాన్ ఫైల్లో రాయకపోతే ఐపీ లేకుండా కొయ్యలా నిలబడుతుంది.

ఇట్లు,
తమ గెస్ట్ మెషీన్ల పోషకులు

తా.క. ఏదీ పనిచేయనప్పుడు ఆ టిక్కు తీసి మళ్లీ పెడితే, లోపలి ఓఎస్ నిజంగానే కేబుల్ ఊడి తగిలిందనుకుని ఐపీ మళ్లీ అడుగుతోంది. ప్రస్తుతం ఆ లేని కేబుల్‌నే పీకి పెడుతున్నాం.