క్లబ్బు దిగితే మేనేజరు ఎక్కాలి

ఇంగ్లాండు ఫుట్‌బాల్ వ్యవస్థను రూపొందించిన పెద్దలు ఎంతో ముందుచూపు గలవారని ఒప్పుకోక తప్పదు. ప్రీమియర్ లీగ్‌లో 20, దాని దిగువనున్న చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూలలో ఒక్కొక్క దానిలో 24, వెరసి 92 క్లబ్బులను నాలుగు డివిజన్లుగా అమర్చి, ప్రీమియర్ లీగ్ పట్టికలో అట్టడుగున మిగిలిన మూడింటిని ఏటా కిందికి దించే ఏర్పాటు చేశారు. దిగిన క్లబ్బుకు టీవీ ఆదాయం పడిపోతుంది, మంచి ఆటగాళ్లు అమ్ముడుపోతారు, ఆఫీసులో పనిచేసే చిన్న ఉద్యోగుల కొలువులకు ఎసరు వస్తుంది. ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటులో ఒకే ఒక్క వర్గానికి మినహాయింపు దొరికింది. జట్టును ఎంపిక చేసి, ఎలా ఆడాలో నేర్పి, మ్యాచ్ తరువాత మ్యాచ్ ఓడిస్తూ ఆ క్లబ్బును కిందికి చేర్చిన మేనేజరు కూడా దానితోపాటు దిగాలని ఏ నిబంధనలోనూ రాసి లేదు. ఇది రాసినవారి మరుపని కొందరు అమాయకులు అనుకుంటారు. ఈ మినహాయింపే ఆ వృత్తికి ఆయువుపట్టని సాక్ష్యాధారాలతో నిరూపించడానికే ఈ వ్యాసం.

మొదటి సాక్ష్యం 2024 మే నెల. బర్న్‌లీ క్లబ్బు ఆ సీజన్‌లో 38 మ్యాచ్‌లు ఆడి, ఐదింట గెలిచి, 24 పాయింట్లతో పందొమ్మిదో స్థానంలో నిలిచి, చాంపియన్‌షిప్‌కు దిగిపోయింది. మేనేజరు విన్సెంట్ కాంపనీ అంతకు ఏడాది ముందు అదే జట్టును 101 పాయింట్లతో పైకి తెచ్చి, ఆ ఊపులో ఐదేళ్ల ఒప్పందం మీద సంతకం చేసి ఉన్నారు. కనుక దిగిన జట్టుతోనే ఉండి, కింద చెమటోడ్చి, దాన్ని మళ్లీ పైకి తెస్తారని సామాన్యులు ఊహించారు. ఆ నెల ముగిసేలోపు ఆయన మ్యూనిక్‌లో తేలారు. ముందుగా అడిగిన కోచ్‌లలో లెవర్‌కూసెన్ క్లబ్బును వదలనని చాబీ అలొన్సో, జర్మనీ జాతీయ జట్టుతోనే ఉంటానని నాగెల్స్‌మన్, ఆస్ట్రియా జాతీయ జట్టును విడిచి రానని రాంగ్నిక్ తేల్చి చెప్పిన మీదట, బేయర్న్ మ్యూనిక్ క్లబ్బు వారు బర్న్‌లీకి నష్టపరిహారం చెల్లించి మరీ ఆయనను తీసుకుపోయారు. పాఠకులు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. కింది డివిజన్‌కు దిగిపోయిన క్లబ్బు, తాను దిగుతున్నప్పుడు పగ్గాలు పట్టుకున్న మనిషి వెళ్లిపోతున్నందుకు డబ్బు పుచ్చుకుంది. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఇద్దరూ తామే లాభపడ్డామని సంతోషించారు. తరువాతి ఏడు బేయర్న్ 82 పాయింట్లతో జర్మనీ లీగ్ గెలుచుకోవడం నాబోటివాళ్లను కొంత ఇరకాటంలో పెట్టిన మాట నిజమే, ఎందుకంటే గెలిచినవాణ్ణి వెక్కిరిస్తే వినేవాడుండడు. అయినా ఆ 82 పాయింట్ల ఉద్యోగానికి పంపిన దరఖాస్తులో చిట్టచివరి మార్కుల జాబితా 24 పాయింట్లదేనన్న సంగతిని ఎవరూ చెరపలేరు.

అలాగని, దించినవారంతా ఎక్కుతారనుకోవడం తొందరపాటు. ఈ వృత్తిలో అసలు నైపుణ్యం గెలవడంలోనూ లేదు, ఓడడంలోనూ లేదు. కుర్చీలోంచి లేచే ముహూర్తాన్ని పట్టుకోవడంలో ఉంది. ఆ విద్యలో నేథన్ జోన్స్ గారి చరిత్ర పాఠ్యగ్రంథంగా పెట్టదగినది. ఆయన లూటన్ టౌన్ జట్టును లీగ్ టూ నుంచి లీగ్ వన్‌కు చేర్చారు. లూటన్ మైదానం ఎలాంటిదో తెలిస్తే ఆ పని విలువ అర్థమవుతుంది: అవతలి జట్టు అభిమానులు వరుస ఇళ్ల మధ్యనున్న గుమ్మంలోంచి దూరి, జనం బట్టలారేసుకునే పెరళ్ల మీదుగా వేసిన ఇనుప మెట్లెక్కి తమ సీట్లకు చేరుకోవాలి. 2019 జనవరిలో ఆ జట్టు లీగ్ వన్‌లో రెండో స్థానంలో ఉండగా, జోన్స్ గారు పై డివిజన్‌లో ఉన్న స్టోక్ సిటీకి వెళ్లిపోయారు. ఆయన పోయాక తాత్కాలికంగా కూర్చున్న మిక్ హార్ఫర్డ్ ఆధ్వర్యంలో లూటన్ చాంపియన్‌గా పైకి వచ్చింది. పైకి వెళ్లిన జోన్స్ గారికి స్టోక్‌లో 38 మ్యాచ్‌లకు ఆరు విజయాలు దక్కి, అదే ఏడు నవంబరు మొదటి తేదీన ఉద్వాసన జరిగింది. 2020 మే నెలలో ఆయన ఎక్కడికి చేరారో చెబితే కట్టుకథ అంటారు గానీ, లూటన్‌కే చేరారు. దిగిపోబోతున్న ఆ జట్టును ఆఖరి రోజున ఒడ్డున కూడా పడేశారు.

2022 నవంబరులో ప్రీమియర్ లీగ్ నుంచి సౌతాంప్టన్ పిలిచింది. జోన్స్ గారు మళ్లీ ఎక్కారు. అక్కడ ఎనిమిది లీగ్ మ్యాచ్‌లు జరిగితే ఏడు ఓడారు. మధ్యలో ఒకనాడు, ఇతరుల కోసం తన సిద్ధాంతాల విషయంలో రాజీపడ్డానని విలేకరుల ముందు బాధపడ్డారు. ఆఖరి మ్యాచ్‌లో మొదటి సగంలోనే పది మందికి తగ్గిపోయిన వుల్వ్స్ చేతిలో సొంత మైదానంలో ఓడిపోయారు. ఇప్పుడు ఆయన వదిలి వచ్చిన లూటన్ సంగతి చూడాలి. ఆయన వెళ్లిన ఆరు నెలలకు, 2023 మే 27న, ప్రీమియర్ లీగ్‌లో మిగిలిన ఒక్క చోటు కోసం లండన్‌లోని వెంబ్లీ మైదానంలో జరిగిన మ్యాచ్‌లో కొవెంట్రీని పెనాల్టీ షూటౌట్‌లో 6-5తో గెలిచి ఆ లూటన్ ప్రీమియర్ లీగ్‌కు వచ్చింది, ఆ వేసవిలోనే సౌతాంప్టన్ అక్కడి నుంచి దిగింది. జోన్స్ గారు విడిచిన ప్రతిసారీ లూటన్ ఎక్కడం యాదృచ్ఛికమని గణాంక శాస్త్రజ్ఞులు అనవచ్చు. వారికి ఫుట్‌బాల్ తెలియదు.

ఆ వెంబ్లీ మ్యాచ్ నాడు లూటన్ కుర్చీలో ఉన్న రాబ్ ఎడ్వర్డ్స్ గారి ప్రయాణం ఇంకా ఉన్నతమైనది. 2022లో ఆయన ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్‌ను లీగ్ టూ విజేతగా నిలిపారు, వెంటనే వాట్‌ఫర్డ్ ఆయనను రెండు డివిజన్లు పైకి ఎగరేసుకుపోయింది. ఆ బేరం తమకు తెలియకుండా చాటుగా జరిగిందని ఫారెస్ట్ గ్రీన్ బహిరంగంగానే నొచ్చుకుంది. ఆ తరువాత అది 2023లో ఒకసారి, 2024లో మరొకసారి దిగి, 92 క్లబ్బుల జాబితాలోంచే బయటపడింది. వాట్‌ఫర్డ్ మాత్రం, ఎన్ని ఉపద్రవాలు వచ్చినా ఎడ్వర్డ్స్ వెంటే ఉంటామని ప్రకటించి, జట్టు పదో స్థానంలో ఉండగా పది లీగ్ మ్యాచ్‌లకే పంపించేసింది. బహుశా పదో స్థానాన్ని వారు ఉపద్రవాలకు మించినదిగా లెక్కగట్టి ఉంటారు. ఆయన నేరుగా వాట్‌ఫర్డ్‌కు బద్ధశత్రువైన లూటన్‌కు వెళ్లి, దాన్ని ప్రీమియర్ లీగ్‌కు ఎక్కించి, మరుసటి ఏడు దానితోపాటు దిగి, 2025 జనవరిలో బయటికి వచ్చారు. ఆ జూన్‌లో మిడిల్స్‌బ్రో. నవంబరుకల్లా మిడిల్స్‌బ్రో చాంపియన్‌షిప్‌లో రెండో స్థానానికి చేరింది. ప్రీమియర్ లీగ్ ద్వారం కళ్లెదుట కనబడుతోంది.

సరిగ్గా అప్పుడే వుల్వ్స్ పిలిచింది. 11 మ్యాచ్‌లకు రెండు పాయింట్లతో ప్రీమియర్ లీగ్‌లో ఆఖరి స్థానంలో ఉన్న క్లబ్బు అది. సెప్టెంబరులో వీతోర్ పెరీరాకు మూడేళ్ల కొత్త ఒప్పందం రాసిచ్చి, నవంబరు రెండున ఆయనను సాగనంపి, ఖాళీ కుర్చీతో కూర్చుని ఉంది. కింది డివిజన్‌లో రెండో స్థానం గొప్పదా, పై డివిజన్‌లో ఇరవయ్యో స్థానం గొప్పదా అన్న ప్రశ్న మన తర్కశాస్త్రానికి కొత్త. ఎడ్వర్డ్స్ గారు క్షణం తడబడకుండా జవాబిచ్చారు. ఒకప్పుడు ఆ క్లబ్బుకే ఆడిన మనిషి కనుక మనసు లాగి ఉంటుందని అనుకోవచ్చు, కాని మనసు లాగేది ఎప్పుడూ పై డివిజన్ వైపే కావడం విశేషం.

ఈ సంగతులు చదువుతుంటే తెలుగు పాఠకుడికి ఏదో బాగా ఎరిగిన వాసన తగులుతుంది. కొత్త మేనేజరు వచ్చిన రోజున తీసే ఫొటోలను గమనించండి. మొదటి దానిలో ఆయన బల్ల ముందు కూర్చుని, చేతిలో పెన్నుతో, ఎదుట ఉన్న కాగితాన్ని చూడకుండా కెమెరాను చూస్తుంటాడు. రెండో దానిలో క్లబ్బు రంగుల కండువాను రెండు చేతులా తలపైకెత్తి పట్టుకుని నవ్వుతుంటాడు, పక్కన అధ్యక్షుడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. ఈ క్లబ్బు చరిత్ర ఘనమైనదనీ, అభిమానుల ఉత్సాహం చూసి కదిలిపోయాననీ, వేరే చోట్ల నుంచి పిలుపులు వచ్చినా ఇక్కడి ఆశయాలు నచ్చి వచ్చాననీ ఆయన అంటాడు. మన దగ్గర ఎన్నికల ముందు కండువా మార్చిన నాయకుడు ఇవే మాటలు ఇదే వరుసలో చెబుతాడు. తేడా ఏమిటంటే, ఆయన నియోజకవర్గ అభివృద్ధి కోసం మారతాడు, ఈయన అది కూడా అనడు. ఎడ్వర్డ్స్ గారి ఇంట్లో బీరువా తెరిస్తే ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, మళ్లీ బంగారు పసుపు కండువాలు వరుసగా ఉంటాయని ఊహించడంలో తప్పు లేదు.

మిగిలినవారిని క్లుప్తంగా తలుచుకుందాం. 2021 నవంబరులో నార్విచ్ తన మేనేజరు డేనియల్ ఫార్కను, ఆ సీజన్‌లో మొదటిసారిగా లీగ్ మ్యాచ్ గెలిచిన రోజునే తొలగించింది. మరునాడు ఆస్టన్ విల్లా తొలగించిన డీన్ స్మిత్‌ను ఎనిమిది రోజుల్లో తెచ్చుకుంది. ఆపై అట్టడుగున దిగింది. ఇవాన్ యూరిచ్ గారు 2024 నవంబరులో ఇటలీ క్లబ్బు రోమా నుంచి, 2025 ఏప్రిల్‌లో ఏడు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే దిగుడు ఖాయమైన సౌతాంప్టన్ నుంచి బయటికి వచ్చి, ఆ అనుభవంతో, యూరప్‌లోని మేటి క్లబ్బుల పోటీ అయిన చాంపియన్స్ లీగ్ ఆడబోతున్న మరో ఇటలీ క్లబ్బు అటలాంటాలో చేరి, నవంబరుకల్లా అక్కడి నుంచీ బయటికి వచ్చారు. స్కాట్ పార్కర్ గారు ఫుల్‌హామ్‌ను, బోర్న్‌మత్‌ను, బర్న్‌లీని ఎక్కించడంలో సిద్ధహస్తులు. పైకి తెచ్చిన జట్టు పైన ఎలా ఆడాలన్నది వేరే శాఖ వ్యవహారం. లివర్‌పూల్ చేతిలో 9-0తో ఓడిన మూడో రోజున బోర్న్‌మత్ ఆయనకు ఈ విషయం తెలియజేసింది.

మన సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఈ విద్య నేర్వలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950లో కోచ్‌గా వచ్చి, 1963లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు. ఆ జట్టు రోవర్స్ కప్‌ను వరుసగా ఐదేళ్లు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కాని ఉద్వాసన లేదు, ఒప్పందం మధ్యలో తెగినందుకు నష్టపరిహారం లేదు, కనీసం ఒక్క క్లబ్బునైనా దించిన దాఖలా లేదు. ఇప్పటి నియామక సంఘం ముందుకు ఆయన దరఖాస్తు వస్తే, అనుభవం చాలదని పక్కన పెడతారు.

కనుక సంస్కరణ అవసరమని భావించి, దిగిన క్లబ్బుతోపాటు మేనేజరు కూడా ఒక డివిజన్ దిగి, అక్కడ పూర్తి సీజన్ పనిచేశాకే పైకి రావాలన్న నిబంధనను ఈ వ్యాసకర్త ప్రతిపాదించదలిచాడు. ముసాయిదా రాయడం మొదలుపెట్టాక ఒక చిక్కు ఎదురైంది. 2023లో లీడ్స్ యునైటెడ్ దిగింది. ఆ పాపం ఎవరి ఖాతాలో రాయాలి? సీజన్ మొదలుపెట్టిన జెస్సీ మార్ష్‌ను ఫిబ్రవరిలో పంపారు, కొన్నాళ్లు తాత్కాలిక మేనేజరు చూసుకున్నాడు, తరువాత హావీ గ్రాసియా వచ్చి మే మొదట్లో వెళ్లాడు, ఆఖరి నాలుగు మ్యాచ్‌లకు సామ్ అలర్డైస్ వచ్చి ఒక డ్రా, మూడు ఓటములతో ఒకే ఒక్క పాయింటు సంపాదించారు. న్యాయంగా పంచితే 38 మ్యాచ్‌లకు నాలుగు చొప్పున, అలర్డైస్ గారు ఒక డివిజన్‌లో పందొమ్మిదింట రెండు వంతుల మేరకే దిగాలి. అంత చిన్న మెట్టు ఇంగ్లాండులో ఇంకా ఎవరూ కట్టలేదు, కట్టేదాకా ఆయన ఏ డివిజన్‌లోనైనా ఉద్యోగానికి అర్హుడే.