చీటీల మీద చరిత్ర చర్చ

మన చదువులు మారిపోయాయి. నమ్మనివారు మొన్న కర్నూలులో ఒక బడిలో జరిగిన చరిత్ర పాఠానికి రావలసింది. ఇకపై మాస్టారు పాఠం చెప్పరట. పిల్లలే ప్రశ్నల పట్టిక పట్టుకుని చదువుకొచ్చి, వాళ్లలో వాళ్లే చర్చించి, 1857 తిరుగుబాటు కారణాలు తేలుస్తారట. దీన్ని గైడెడ్ స్టడీ అంటారని శిక్షణలో చెప్పారు. మావాళ్ల చెవికి అందులో మొదటి సగమే ఎక్కింది. అందరి చేతా గైడు కొనిపించారు.

తనిఖీ అధికారి వస్తున్నారని నాలుగు రోజుల ముందునుంచీ చర్చను వల్లె వేయించారు. ఎవరు ఏమడగాలో, ఎవరు విభేదించాలో చీటీలు పంచారు. తూటాలకు కొవ్వు పూయడమే కారణమని ఒకడు చెప్పాలి. "నేను ఏకీభవించను" అని ఇంకొకడు లేవాలి. తీరా ఆ రోజు రెండోవాడే ముందు లేచాడు.

"నేను ఏకీభవించను!"

"నేనింకా ఏమీ చెప్పలేదు కదరా" అన్నాడు మొదటివాడు, బిక్కమొహం వేసి.

"అయినా ఏకీభవించను."

చీటీలో అదే ఉంది మరి, వాడు మాత్రం ఏం చేస్తాడు? ఈ గందరగోళంలో వందన సమర్పణ చీటీ దక్కినవాడు లేచి సభ ముగించబోయాడు. మాస్టారు కంటిచూపుతోనే కూలేశారు. అధికారి తల ఊపుతూనే ఉన్నారు. మెలకువగా ఉండే ఊపారని బడివారి విశ్వాసం.

అప్పుడు మూడో వరుసలోంచి మా వీధి అమ్మాయి లేచింది. "1857దే మొదటి పోరాటమైతే, 1847లో కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఎందుకు ఉరితీశారు సార్?"

"అది పరీక్షకు రాదు. కూర్చోమ్మా."

పరీక్షకు రాదా! ఉరితీసిన మనిషి తలను కోట గుమ్మానికి ముప్పై ఏళ్లు వేలాడదీసిన సీమ ఇది. కంపెనీవారు ఇవ్వాల్సిన తవర్జీ అనే భరణంలో దక్కని వాటా, ఊరి కావలివాళ్లకు ఊడిపోయిన కట్టుబడి మాన్యాలు, సిపాయిలకంటే పదేళ్ల ముందే కత్తి పట్టిన పల్లెలు... ఆ ఒక్క ప్రశ్న పట్టుకుంటే నెల రోజుల పాఠం ఉంది. నాలుగు రోజులు దొంగ విభేదాలు వల్లె వేయించి, అసలైన అనుమానం ఒక్కటి పుట్టగానే పసిదాని నోరు నొక్కడానికి సిగ్గుండాలి.

చర్చ అద్భుతంగా సాగిందని పుస్తకంలో రాసి అధికారి భోజనానికి వెళ్లారు.

సాయంత్రం ఆ అమ్మాయి తనకిచ్చిన చీటీ చూపించింది. "అన్నీ అర్థమయ్యాయి. సందేహాలు లేవు సార్" అని ఉంది.