ముక్క కత్తిరించి ఇచ్చే నొప్పి బిళ్ళల గురించి

పోస్ట్ పెద్దదే, కోపంగానే రాస్తున్నాను. ఇంట్లో బీపీ మందు వాడే పెద్దవాళ్ళు ఉంటే మాత్రం దయచేసి పూర్తిగా చదవండి.

మా అమ్మకి 62 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మొన్న వేసవిలో గుంటూరు దగ్గర మా ఊరెళ్ళినప్పుడు కాళ్ళు వాచి ఉండటం చూసి రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగేది) 2.1 వచ్చింది. అంతకు ముందు ఏడాది 0.9. డాక్టర్ గారు మొదట అడిగిందే "నొప్పి బిళ్ళలేమైనా వాడుతున్నారామ్మా?" అని. "ఎప్పుడైనా ఒకటండీ" అంది అమ్మ. ఇంటికొచ్చి దేవుడి గూట్లో ఆవిడ మందులు దాచుకునే స్టీలు డబ్బా తీశాను. అన్నీ కత్తెరతో కత్తిరించిన ముక్కలే, రెండు బిళ్ళలవి, మూడు బిళ్ళలవి. ఒక రేకు మీద పేరులో చివరి నాలుగు అక్షరాలు, ఇంకోదాని మీద సగం ధర, మరోదాని మీద ఏమీ లేదు. గడువు తేదీ ఒక్కదాని మీద కూడా లేదు.

ఆ ముక్కలన్నీ పట్టుకెళ్ళి తెలిసినవాళ్ళకి చూపిస్తే తేలిందేమిటంటే, ఒక కొట్లో ఆసిక్లోఫెనాక్ ఇచ్చారు, ఇంకో కొట్లో డైక్లోఫెనాక్ ఇచ్చారు. రెండూ ఒక జాతి మందులే, కలిపి వేసుకోకూడనివి. అమ్మ బిళ్ళల రంగు చూసి వేరు వేరు మందులనుకుని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఎనిమిది నెలలు వేసుకుంది. అమ్మని ఏమంటాం, పేరే లేని బిళ్ళ గురించి ఆవిడకి ఏం తెలుస్తుంది?

పైగా ఆవిడకి బీపీకి టెల్మిసార్టన్, దాంతో పాటు నీరు తీసే మందు ఉన్నాయి. కిడ్నీలోకి రక్తం వచ్చే నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాలు ఒంట్లో తయారవుతాయి, ఈ నొప్పి మందులు వాటినే ఆపేస్తాయి. టెల్మిసార్టన్ ఏమో రక్తం బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. అంటే ఎగువ తూము దించేసి దిగువ తూము ఎత్తినట్టు. నీరు తీసే మందు వల్ల కాలువలో నీళ్ళేమో ముందే తక్కువ. ఇంక కిడ్నీ వడకట్టడానికి ఒత్తిడి ఎక్కడుంటుంది? ఏ మందుకామందు మంచిదే, మూడూ కలిస్తే ముప్పు బాగా పెరుగుతుంది. బీపీ మందు వాడుతున్నారా అని ఆ రెండు కొట్లలో ఒక్కరూ అడగలేదు.

మా వైపు మిరప కోతలకెళ్ళే ఆడవాళ్ళు చాలామంది పొద్దున్నే టీతో ఒక బిళ్ళ వేసుకుని పోతారు. సాయంత్రం దాకా ఎండ, చెమట. చేలో మరుగుకి చోటుండదని నీళ్ళు తాగడమే తగ్గించుకుంటారు. బీపీ లేకపోయినా ఆ ఒంటికి ఈ బిళ్ళ మంచిది కాదు. ఇది తలుచుకుంటే నాకు నిజంగా భయం వేస్తుంది.

"గ్యాస్ బిళ్ళ కూడా ఇచ్చాం కదా" అంటారు కొట్టువాళ్ళు. అది కడుపుకి కొంత కాపు, అంతే, కిడ్నీకి దాంతో ఒరిగేదేమీ లేదు. సూది అయితే కడుపులో పుండు పడదని ఇంకో నమ్మకం. మందు రక్తంలోంచి కూడా కడుపు లోపలి పొరని బలహీనం చేస్తుంది కాబట్టి సూదితోనూ పుండు పడొచ్చు. మలం తారులా నల్లగా వస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్ళండి.

రాబందుల సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పాడై, మన దేశంలో ఒక జాతి రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. మనుషుల ఒళ్ళు వేరు, ఒప్పుకుంటాను. మనుషులకైతే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలి, అందుకే ఆ స్ట్రిప్ మీద ఎర్ర గీత వేస్తారు. కత్తెర పడ్డాక ఆ గీత కూడా కొట్లోనే ఉండిపోతుంది.

నొప్పి మందే వద్దని నేననట్లేదు. పన్ను నొప్పికో, బెణుకుకో అన్నం తిన్నాక రెండు మూడు రోజులు తక్కువ మోతాదులో వాడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి చాలావరకు ఫర్వాలేదు. కానీ అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి ఇదే జాతి మందైన ఐబూప్రొఫెన్ అసలు వద్దు, రక్తస్రావం భయం, పారాసెటమాలే వాడాలి. కాంబిఫ్లామ్‌లో ఐబూప్రొఫెన్ 400, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు రెండూ ఉంటాయి, దాని మీద మళ్ళీ డోలో వేసుకుంటే పారాసెటమాల్ రెండుసార్లు పడ్డట్టే.

ఇప్పుడు ఇంట్లో ముక్కలు లేవు. పూర్తి స్ట్రిప్ కొంటున్నాం, లేదా కొట్లోనే పేరూ గడువు తేదీ కవరు మీద రాయించుకుంటున్నాం. మోకాళ్ళకి డాక్టర్ గారు పైపూత జెల్, వ్యాయామం చెప్పారు. మొదటి పదిహేను రోజులు అమ్మ నొప్పికి ఏడ్చేసింది, "ఆ ఒక్క బిళ్ళా ఇవ్వరా" అని నన్ను అడిగింది. ఇవ్వలేదు. క్రియాటినిన్ 1.4కి దిగింది, అక్కడే ఆగింది. వచ్చే నెల మళ్ళీ టెస్టు.