స్క్రీన్‌లో వదిలేస్తే చాలదండీ

పాత పీడీపీ-11 కంప్యూటర్‌ని ఇప్పటి సర్వర్ మీద అనుకరించే ఎమ్యులేటర్ సిమ్‌హెచ్‌ని ‘స్క్రీన్’లో (టెర్మినల్ మూసినా ప్రోగ్రాం నడిచేలా చూసే సాధనం) నడిపి వదిలేస్తే చాలని మీ వ్యాసంలో రాశారు. మా విజయనగరంలో వానాకాలం కరెంటు సంగతి తెలిసిందే కదా! సర్వర్ మళ్లీ ఆన్ అయ్యాక దాన్నెవరు లేపుతారు? లినక్స్ ఆన్ అవగానే ప్రోగ్రాంలను తనే మొదలుపెట్టే సిస్టమ్‌డీలో సర్వీసుగా పెట్టుకోవడమే నయం. అప్పుడు ఎమ్యులేటర్ కన్సోల్‌ని (ఆదేశాలు టైప్ చేసే చోటు) టెల్‌నెట్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పాత పద్ధతి) పోర్టుకి మళ్లించి, సిమ్‌హెచ్ సెట్టింగుల్లో ‘బఫర్డ్’ అని కూడా పెట్టాలి. లేదంటే సిమ్‌హెచ్ ఎవరైనా కనెక్ట్ అవుతారేమోనని కాసేపు చూసి ఆగిపోతుంది. ఆ పోర్టు లోకల్‌హోస్ట్ (అంటే అదే సర్వర్) దాటకూడదు. టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ కూడా బట్టబయలే. సిమ్‌హెచ్‌కి ‘సెట్ సీపీయూ ఐడిల్’ అనే ఆదేశం ఇవ్వకపోతే 1970 నాటి మెషిన్ ఖాళీగా ఉన్నా సర్వర్ ప్రాసెసర్‌లో ఒక కోర్‌ని మొత్తం మింగేస్తుంది.

అసలు టెన్షన్ సర్వీసు ఆపేటప్పుడే. ఆపుతున్నట్టు ఎమ్యులేటర్ లోపల నడిచే యూనిక్స్‌కి తెలీదు, డిస్కుకి చేరాల్సిన డేటా మెమరీలోనే పోతుంది. సర్వీసు ఆపేటప్పుడు ఏం నడపాలో చెప్పే ‘ఎగ్జెక్‌స్టాప్’ సెట్టింగులో చిన్న స్క్రిప్టు పెట్టి, కన్సోల్‌లో ‘సింక్’ (మెమరీలోని డేటాని డిస్కుకి రాసే ఆదేశం) కొట్టించాకే ఆపండి. యూపీఎస్ లేకపోతే మాత్రం ఇదీ దండగే.