సాగదీస్తే నవల, విరిస్తే కవిత?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజి తెగ తిరుగుతోంది: "కథను సాగదీస్తే నవల, కుదించి లైన్లు విరిస్తే కవిత, పేర్ల పక్కన మాటలు పెడితే నాటకం. ప్రక్రియ అంటే సైజే. రచయిత ఎంచుకునేదేమీ లేదు, చేతికొచ్చింది రాస్తాడు." చమత్కారంగానే ఉంది, పప్పులో కాలే!

మొదట సాగదీత సంగతి. మన ఇళ్లలోని ఇతివృత్తమే తీసుకుందాం: అమ్మమ్మ రాసిన తెలుగు ఉత్తరం ఒడియా మీడియం మనవడి చేతికొచ్చింది, చదవడం రాదు. కథకి ఒక్క సాయంత్రం చాలు. ఇద్దరు మనుషులు, ఒక కాగితం, అడగాలా వద్దా అన్న తటపటాయింపు. 200 పేజీలు నింపాలని మేనమామనీ పక్కింటి మాస్టారినీ తెచ్చిపెడితే నీళ్ల మజ్జిగే. నవలకి కాలం కావాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ముత్తాత ఏమనుకున్నాడు, కొడుకుని ఏ బడిలో వేశాడు, తెలుగు ఏ తరంలో గడప లోపలే ఉండిపోయింది, ఇవి ఒకదాన్నొకటి తోసుకుంటూ రావాలి.

నాటకం మరీ మొండిది. మనవడి మనసులో మాట ప్రేక్షకుడికి వినపడదు. అతను కాగితం తలకిందులుగా పట్టుకోవాలి, అమ్మమ్మ చూసీ చూడనట్టు తల తిప్పుకోవాలి. పైగా వాడి ఒడియా డైలాగు బరంపురంలో పేలుతుంది, బెజవాడలో చప్పగా జారిపోతుంది. ఎవరి ముందు ఆడతామో ముందే తేల్చుకోవాలి.

ఎంపిక లేదన్న మాటకి గురజాడే జవాబు. జనానికి చదివే అలవాటు వచ్చేదాకా సంఘాన్ని కదిలించడానికి రంగస్థలమే దిక్కని 1897 'కన్యాశుల్కం' పీఠికలోనే రాశాడు. 1909లో దాన్ని పెంచి మళ్లీ అచ్చువేశాడు. మరుసటేడే 'దిద్దుబాటు' కథ. నాటకం మరిచిపోయి కాదుగా! అక్కడి విషయం ఒక రాత్రిలో ఇమిడేది: ఆలస్యంగా ఇల్లు చేరిన మొగుడు, పనివాడు, భార్య ఉత్తరం. (చిత్రం, అక్కడా ఉత్తరమే.)

లైన్ల విరుపుకి పరీక్ష చిన్నది. అన్నీ కలిపి పేరాగా రాసి పైకి చదవండి. ఏమీ పోకపోతే అది వచనమే. గురజాడ గేయాల ఛందస్సు ముత్యాల సరాన్ని ఇలా కలిపేసినా 3, 4, 3, 4 మాత్రల నడక చెవికి తగులుతూనే ఉంటుంది. వచన కవితకి ఆ ఆసరా లేదు కనక విరుపే పనిచెయ్యాలి.

మెసేజిలో ఒక ముక్క నిజం: పత్రిక పేజీలు, పోటీల పదాల హద్దు రచయిత చేయి పట్టుకుంటాయి. 1,500 పదాల్లో మూడు తరాలు పట్టవు. పట్టించబోతే సారాంశం తయారవుతుంది. అప్పుడు ఆ మూడు తరాల్లోంచి ఒక్క సాయంత్రం ఏరుకోవాలి.