దానపత్రానికి కొత్త అర్థం

ఫస్టియర్ పిల్లల హాస్టళ్లు బాగు చేయించాలి, చేతిలో డబ్బు లేదు, కాబట్టి మ్యూజియంలో చిత్రాలు అమ్ముకుంటాం. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని వాల్పరైజో యూనివర్సిటీ 2023లో చెప్పింది ఇదే. 2024లో కోర్టు కూడా సరే అంది. అనుమతి రావడం కన్నా, దాని కోసం యూనివర్సిటీ చేసిన వాదనే మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతోంది.

బేరానికి పెట్టినవి మూడు చిత్రాలు. హడ్సన్ నది చిత్రకారులనే ప్రకృతి దృశ్యాల బృందంలో ప్రముఖుడు ఫ్రెడరిక్ చర్చ్ 1849 ప్రాంతంలో వేసిన కొండల దృశ్యం, చైల్డ్ హసమ్ 1914లో వేసిన శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ జలసంధి, జార్జియా ఓకీఫ్ 1930లో చిత్రించిన న్యూమెక్సికో ఎర్ర కొండలు. మూడు కాలాల, మూడు ప్రాంతాల అమెరికా. న్యూయార్క్ దాకా పోకుండానే మిడ్‌వెస్ట్‌లోని చిన్న ఊరి పిల్లలకు అది కళ్లెదుట ఉండేది. షికాగో బడుల్లో ఆర్ట్ టీచర్‌గా పనిచేసిన పెర్సీ స్లోన్ పుణ్యం అది. తండ్రి జూనియస్ స్లోన్ వేసిన మిడ్‌వెస్ట్ దృశ్యాలు, తాను కూడబెట్టిన కళాఖండాలు, వాటితోపాటు కొంత నిధి 1953లో ఆయన పేరిట యూనివర్సిటీకి దక్కాయి. చిత్రాలు కొంటే అమెరికన్ కళాకారులవే, అవీ సంప్రదాయ ధోరణివే కొనాలన్నది షరతు.

ఆ నిధితోనే 1962లో ఓకీఫ్‌ను 5,700 డాలర్లకు, 1967లో హసమ్‌ను 9,000 డాలర్లకు కొన్నారు. ఇప్పుడు ఓకీఫ్ ఒక్కటే కోటి డాలర్లు దాటుతుందని లెక్క కట్టాక హఠాత్తుగా జ్ఞానోదయమైంది. ఓకీఫ్ మోడర్నిస్టు (పాత పద్ధతులు వదిలిన ఆధునిక ధోరణి), హసమ్ ఇంప్రెషనిస్టు (క్షణకాలపు వెలుగు, రంగులు పట్టే ధోరణి), కాబట్టి అవి సంప్రదాయం కిందకు రావట, అసలు కొనడమే తప్పట! అరవై ఏళ్లు గోడకు తగిలించి గొప్పలు పోయినప్పుడు ఈ తప్పు ఎవరికీ కనిపించలేదు.

విద్యార్థులు తగ్గిపోతున్నారు, చదువులే ముఖ్యం అంటున్నారు. నిజమే, కష్టాలు ఉన్నాయి. అయితే ఒకసారి అమ్మితే వచ్చే ఏడు కష్టానికి ఏం అమ్ముతారు? అమ్మిన డబ్బు కళాసేకరణకు, దాని సంరక్షణకే వాడాలన్న మ్యూజియం సంఘాల నియమం పైకప్పు కారినప్పుడల్లా మారిపోయేదైతే, అది నియమమే కాదు. ఓకీఫ్ స్వయంగా ఇచ్చిన సేకరణలో సగం వాటాను ఫిస్క్ యూనివర్సిటీ 2012లో అమ్ముకుంది. అమెరికన్ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ తానే ఇచ్చిన చిత్రాన్ని మసాచుసెట్స్‌లోని బెర్క్‌షైర్ మ్యూజియం 2018లో అమ్మింది. ప్రతిసారీ ‘ఇది ప్రత్యేక పరిస్థితి’ అన్నారు. ఇప్పుడు దాత రాసిన మాటకే కొత్త అర్థం తీయొచ్చని తేలింది. రేపు ఏ టీచరు తన సేకరణను ఏ ఊరి కాలేజీకి ఇస్తాడు? ఏ లాయరు ఇవ్వమని సలహా ఇస్తాడు?

వాల్పరైజో మ్యూజియానికి పునాది వేసిన, దానికి తన పేరే ఉన్న రిచర్డ్ బ్రావర్, అమ్మేట్టయితే దాని మీద తన పేరు తీసేయమన్నారు. మ్యూజియమే 2024లో మూతపడింది.

పోనీ, ఓకీఫ్, హసమ్ చిత్రాలు రెండూ సంప్రదాయం కావనే ఒప్పుకుందాం. చర్చ్ చిత్రం కొన్నది కాదు, స్లోన్ సేకరణ నుంచి వచ్చిందే. దాన్ని ఏ నిఘంటువు చూసి అమ్మకానికి పెట్టారో యూనివర్సిటీ పెద్దలే చెప్పాలి.